వలవని కొబ్బరికాయ ఎందుకు పగలదు?

కోనసీమ నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "మావారు ఊళ్లో తిరగడానికి హెల్మెట్ పెట్టుకోరు. ముప్పై దాటి నడపను కదా, పడితే మోచెయ్యి గీసుకుంటుంది అంతే అంటారు. నిజమేనా అండీ?"

నిజం కాదండీ. ఈ లెక్కలోకి బండి వేగం పెద్దగా రాదు. సీటు మీద కూర్చున్న మనిషి తల నేలకి సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉంటుంది. చెయ్యి ఆనకుండా పక్కకి పడితే, బండి ఆగి ఉన్నా సరే, నేలను తాకేసరికి తల గంటకి దాదాపు 20 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. ముందుకు పోయే వేగం జారుతూ కొంత తగ్గుతుంది. కిందికి పడే వేగం మాత్రం అక్కడికక్కడే ఆగాలి.

ఎంత దూరంలో ఆగుతుందన్నదే అసలు సంగతి. చెట్ల నుంచి కొబ్బరికాయలు కోసే దింపు రోజున మీరు చూసే ఉంటారు. యాభై అడుగుల చెట్టు మీంచి కాయ దబ్బున పడుతుంది. నేలను తాకేటప్పుడు దాని వేగం గంటకి దాదాపు 60 కిలోమీటర్లు. అయినా పగలదు. అదే కాయను వలిచి గుడిలో రాయి మీద కొడితే ఒక్క దెబ్బకి రెండు చిప్పలు! లోపలి కాయ అదే, పోయింది పీచు ఒక్కటే. ఆ పీచు గట్టిగా ఉండి కాపాడలేదు, నలిగి కాపాడింది.

లెక్క చాలా తేలిక. పడిన ఎత్తును, ఆగడానికి దొరికిన దూరంతో భాగించండి. తల మీద పడే తాకిడి, భూమి ఆకర్షణకి సుమారు ఎన్ని రెట్లో వచ్చేస్తుంది. వట్టి తలకి తారు రోడ్డు మీద దొరికేది ఏ 2 మిల్లీమీటర్లో అనుకుందాం: 1500ని 2తో భాగిస్తే 750 రెట్లు. హెల్మెట్ లోపలి థర్మోకోల్ 25 మిల్లీమీటర్లు నలిగితే 60 రెట్లు. మెదడుకి ఈ రెండూ రెండు వేరే లోకాలు. బడిలో ఈ పాఠం క్యాచ్ పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాగే ఆటగాడితో చెబుతాం. ఇంటి ముందే బండి ఉన్న పిల్లలకి హెల్మెట్ విప్పి చూపిస్తూ చెబితే ఎంత బాగుంటుంది!

థర్మోకోల్‌లో 90 శాతం పైగా గాలే. ఆ గాలి గదుల గోడలు ఇంచుమించు ఒకే ఒత్తిడి దగ్గర వరసగా కూలుతాయి. అందుకే తాకిడి ఒక్కసారిగా ఎగబాకదు. స్పాంజి అయితే మింగిన శక్తిలో చాలావరకు తిరిగి ఇచ్చేస్తుంది. నలిగిన థర్మోకోల్ మళ్లీ లేవదు. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ని మార్చాల్సింది అందుకే.

వియత్నాంలో ఎక్కడ చూసినా మోటారు సైకిళ్లే. 2007 డిసెంబర్ 15 నుంచి అక్కడ అన్ని రోడ్ల మీదా హెల్మెట్ తప్పనిసరి చేశారు. అంతకుముందు దాన్ని 'కరెంటు అన్నం కుక్కర్' అని వెక్కిరించేవారు. కొద్ది కాలంలోనే పెట్టుకునేవాళ్లు 90 శాతం దాటారు. కానీ టోపీకి ప్లాస్టిక్ డొప్ప తగిలించిన నాసిరకాలూ వెంటనే వచ్చిపడ్డాయి. మన రోడ్డు పక్క అమ్మేవాటిలోనూ అవి ఉన్నాయి. మన దేశంలో 2022లో హెల్మెట్ పెట్టుకోకుండా ప్రమాదాల్లో పోయిన ప్రాణాలు ప్రభుత్వ లెక్కలో 50,029. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. ఆ సంఖ్య దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

కొత్త బండికి పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొడతాం. పూజ మీద నాకు ఏ పేచీ లేదు. కొట్టే ముందు కాయను వలిచి తెచ్చామని మాత్రం గుర్తుంచుకోండి.

మీవారికి కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడండి. లోపలి గుడ్డ తప్పించి థర్మోకోల్ తల చుట్టూ ఉందో లేదో తడిమి చూడండి. పట్టీ బిగించి, వెనక అంచు పట్టుకుని ముందుకి తొయ్యండి. ఊడి వచ్చేస్తే ఆ సైజు ఆయనది కాదు.