వనపర్తి గ్రహణం నుంచి వేరే సూర్యుళ్ల గ్రహాల దాకా

2025 ఏప్రిల్‌లో కే2-18బి అనే గ్రహం మీద జీవం ఆనవాళ్లు ఉండొచ్చన్న వార్త రాగానే వాట్సాప్ గ్రూపుల నిండా నీలి సముద్రాల బొమ్మలు తిరిగాయి. అవన్నీ ఊహతో గీసినవే. 124 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆ గ్రహాన్ని ఇంతవరకు ఏ టెలిస్కోపూ విడిగా ఫొటో తీయలేదు. శాస్త్రవేత్తల దగ్గర ఉన్నది ఎగుడుదిగుడుల గీత ఒక్కటే. ఏ రంగు వెలుగు ఎంత తగ్గిందో ఆ గీత చెబుతుంది. 2025 సెప్టెంబరు నాటికి ఇలాంటి ఎక్సోప్లానెట్ల, అంటే వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల, లెక్క 6,000 దాటింది. వాటిలో నేరుగా ఫొటోకు దొరికినవి కొన్ని పదులే. మిగతావాటిలో దాదాపు అన్నీ నక్షత్రం వెలుగు తగ్గడాన్నో, గ్రహం లాగితే నక్షత్రం ఊగడాన్నో చూసి పట్టుకున్నవి.

ఈ విద్యకు మూలం గ్రహణాల పరిశీలన. ఆ చరిత్రలో పాలమూరు, రంగారెడ్డి నేలకు చెప్పుకోదగ్గ చోటే ఉంది.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం బీజాపూర్ వైపు నుంచి గుంటూరు, మచిలీపట్నం మీదుగా సాగింది. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నంలో మకాం వేశాడు. ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచార్యులు ఇంకో బృందంతో వనపర్తికి వచ్చారు. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో దిగాడు. సూర్యకాంతిని స్పెక్ట్రోస్కోపుతో రంగులుగా విడదీసి, గ్రహణం వేళ సూర్యుడి అంచున కనిపించే ఎర్రటి మంటలు దేనితో తయారయ్యాయో తేల్చడానికే ఈ హడావిడంతా. ఆ గ్రహణంలో కనిపించిన ఒక పసుపు గీత తర్వాత హీలియం కనుగొనడానికి దారితీసింది.

వనపర్తికి వచ్చిన రఘునాథాచార్యులు అంతకు ముందు ఏడాదే ఆర్ రెటిక్యులీ అనే నక్షత్రం వెలుగు మారుతోందని గుర్తించారు. ఇక పోగ్సన్ నక్షత్రాల వెలుగుకు 1856లోనే ఒక కొలమానం ప్రతిపాదించాడు. ఐదు మెట్ల తేడా ఉంటే వెలుగులో వంద రెట్ల తేడా ఉన్నట్టు. ఖగోళ శాస్త్రంలో ఇప్పటికీ అదే వాడుక. వెలుగును విడదీయడం, వెలుగును కొలవడం: ఎక్సోప్లానెట్లను వెతికేవాళ్ల ప్రధాన ఆయుధాలు ఈ రెండే. 1868 నాటికే రెండూ మన దగ్గర్లో పనిచేస్తున్నాయి. లోపించింది సూక్ష్మత.

సూక్ష్మత లేకుండా తొందరపడితే ఏమవుతుందో కూడా మద్రాసే చూపించింది. పోగ్సన్‌కు ముందు అక్కడ పనిచేసిన కెప్టెన్ జేకబ్, 70 ఓఫియూకీ అనే జంట నక్షత్రాల కదలికలో తేడా ఉందని, దానికి కంటికి కనిపించని గ్రహం కారణం కావచ్చని 1855లో ప్రకటించాడు. వేరే నక్షత్రానికి గ్రహం ఉందంటూ లెక్కలతో వచ్చిన తొలి వాదనల్లో ఇదొకటి. 19వ శతాబ్దం చివర ఇంకొకరు అదే నక్షత్రాలకు అలాంటి వాదనే చేస్తే, అలాంటి కక్ష్య నిలవదని 1899లో మౌల్టన్ లెక్క తేల్చాడు. తర్వాత అమెరికాలో వాన్ డి కాంప్ కూడా ఇలాగే దెబ్బతిన్నాడు. మనకు ఆరు కాంతి సంవత్సరాల దూరంలోని బర్నార్డ్ నక్షత్రానికి గ్రహం ఉందని 1963లో చెప్పాడు. పదేళ్ల తర్వాత వేరేవాళ్లు కొలిచి చూస్తే ఆ ఊగిసలాట కనిపించనే లేదు. తేడా ఆయన టెలిస్కోపులోనే ఉంది. తమాషా ఏమిటంటే అదే నక్షత్రానికి 2024, 2025లలో నిజంగానే చిన్న గ్రహాలు దొరికాయి. కాకపోతే వాన్ డి కాంప్ చెప్పిన భారీ గ్రహం వాటిలో లేదు.

అసలు కష్టం ఎక్కడుందంటే, గ్రహం నక్షత్రాన్ని కదిలించే వేగం మరీ తక్కువ. గురుగ్రహం లాగడం వల్ల సూర్యుడు ఊగే వేగం సెకనుకు పన్నెండున్నర మీటర్లు. అంటే పల్లెవెలుగు బస్సు వేగం. అంతటి సూర్యుడిలో ఆ కదలికను కొన్ని పదుల కాంతి సంవత్సరాల అవతల నుంచి, రంగుల గీతలు కొద్దిగా జరగడాన్ని బట్టి పట్టాలి. భూమి వల్ల కలిగే ఊగిసలాటైతే సెకనుకు 9 సెంటీమీటర్లే. 1952లో ఖగోళ శాస్త్రవేత్త ఒట్టో స్ట్రూవే ఒక చిన్న వ్యాసంలో, పెద్ద గ్రహం నక్షత్రానికి బాగా దగ్గరగా తిరిగితే ఈ ఊపు తేలిగ్గా దొరుకుతుందని, అది నక్షత్రానికి అడ్డొచ్చినప్పుడు వెలుగు తగ్గడాన్ని కూడా కొలవొచ్చని రాశాడు. రెండు దారులూ అందులోనే ఉన్నాయి. పెద్ద గ్రహాలు మన గురుడిలా దూరంగానే ఉంటాయన్న నమ్మకం బలంగా ఉండడంతో నలభై ఏళ్లకు పైగా దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

సరిగ్గా ఆ మధ్యకాలంలోనే రంగాపూర్ మొదలైంది. హైదరాబాద్‌లోని నిజామియా అబ్జర్వేటరీ చుట్టూ నగరం పెరిగి దీపాల వెలుగు ఎక్కువైంది. దాంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం సాగర్ రోడ్డు వైపు జాపాల, రంగాపూర్ గ్రామాల దగ్గర చీకటి చోటు చూసుకుని 1968లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టింది. అప్పటికి దేశంలోని అతిపెద్ద టెలిస్కోపుల్లో అదొకటి. కె.డి. అభ్యంకర్ వంటి వారి ఆధ్వర్యంలో అక్కడ ముఖ్యంగా సాగింది గ్రహణ జంట నక్షత్రాల పరిశీలన. రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ, మన వైపు నుంచి చూస్తే ఒకదాన్నొకటి కప్పేస్తాయి. అప్పుడు మొత్తం వెలుగు తగ్గుతుంది. పెద్ద నక్షత్రం వెనక్కి చిన్నది వెళ్తే ఒక లోతు, ముందుకొస్తే ఇంకో లోతు. పక్కనున్న మామూలు నక్షత్రంతో మార్చి మార్చి పోల్చుకుంటూ, వెలుగును కొలిచే ఫొటోమీటర్‌తో రాత్రంతా చూసి ఆ గీత గీయాలి. ఆ గీతలోంచే నక్షత్రాల సైజులు, కక్ష్య వంపు లెక్కగట్టాలి.

నక్షత్రం స్థానంలో గ్రహాన్ని పెడితే ఇదే ట్రాన్సిట్ పద్ధతి. గణితం దాదాపు ఒకటే. లోతులోనే తేడా. గురుడంత గ్రహం సూర్యుడి లాంటి నక్షత్రానికి అడ్డొస్తే వెలుగు ఒక శాతం తగ్గుతుంది. భూమంతది అయితే లక్షలో ఎనిమిది వంతులు. ఆనాటి ఫొటోమీటర్లకు ఆ ఒక్క శాతం దాదాపు అంచు. నా ఉద్దేశంలో రంగాపూర్ లాంటి చోట్ల గ్రహాలు దొరకకపోవడానికి యంత్రం సైజు కారణం కాదు. ఏ నక్షత్రం వైపు, ఏ రాత్రి చూడాలో ఎవరికీ తెలియదు, అంతే.

1992లో ఒక పల్సర్ చుట్టూ గ్రహాలు బయటపడ్డాయి. అది చచ్చిన నక్షత్రం కాబట్టి సామాన్య జనం అంతగా పట్టించుకోలేదు. 1995లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు మేయర్, కెలోజ్ సూర్యుడి లాంటి 51 పెగాసీ చుట్టూ నాలుగు రోజులకోసారి తిరిగే పెద్ద గ్రహాన్ని ఊపు పద్ధతిలో పట్టుకున్నారు. స్ట్రూవే ఊహించినట్టే అది నక్షత్రాన్ని ఆనుకున్నంత దగ్గరగా ఉంది. వారికి 2019లో నోబెల్ వచ్చింది. 1999లో ఊపు పద్ధతి చూపించిన నక్షత్రాల్లో ఒకటైన హెచ్‌డీ 209458 వైపు డేవిడ్ షార్బొనో బృందం 10 సెంటీమీటర్ల టెలిస్కోపు తిప్పితే, లెక్క ప్రకారమే వెలుగు ఒకటిన్నర శాతం దాకా తగ్గింది. పది సెంటీమీటర్లంటే రంగాపూర్ అద్దంలో పన్నెండో వంతు.

2009లో నాసా వారి కెప్లర్ టెలిస్కోపు అంతరిక్షంలోకి వెళ్లి లక్షన్నర నక్షత్రాలను ఏళ్ల తరబడి ఒకేసారి చూసింది. దాని ప్రతిపాదనను నాసా నాలుగుసార్లు తిప్పి పంపిందంటే, దాన్ని ప్రతిపాదించిన శాస్త్రవేత్త బొరుకీ ఓపికకు దండం పెట్టాలి. కెప్లర్ పంపిన గీతల్లో శాస్త్రవేత్తలకు ఎక్కువ తలనొప్పి తెచ్చింది మళ్లీ గ్రహణ జంట నక్షత్రాలే. దూరంగా వెనకున్న జంట వెలుగు, ముందున్న నక్షత్రం వెలుగుతో కలిసిపోతే గ్రహంలా కనిపిస్తుంది. ఒకటి విడిచి ఒకటి లోతుల్లో తేడా ఉంటే అవి రెండు నక్షత్రాలు. గీత అడుగున చదునుగా లేకుండా ‘వి’ ఆకారంలో మొనదేలి ఉంటే అప్పుడూ అనుమానించాలి. రంగాపూర్‌లో పనిచేసిన వాళ్లకు ఇదంతా రోజువారీ పాఠమే.

గ్రహం దొరికాక దాని గాలిని ఎలా చదువుతారు? గ్రహం అడ్డొచ్చినప్పుడు నక్షత్రం వెలుగులో కాస్త దాని వాతావరణం అంచుల గుండా వస్తుంది. అక్కడున్న వాయువు తనకు చెందిన రంగులను మింగేస్తుంది. జాన్సెన్ గుంటూరుకు తెచ్చిన పరికరం పనే ఇది. జేమ్స్ వెబ్ టెలిస్కోపు 2022లో వాస్ప్-39బి అనే గ్రహం గాలిలో ఇలాగే కార్బన్ డయాక్సైడ్‌ను స్పష్టంగా చూపించింది. కే2-18బి దగ్గర శాస్త్రవేత్త నిక్కు మధుసూదన్ బృందం చెప్పిన డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువు మాత్రం అంత స్పష్టంగా లేదు. భూమ్మీద అది ముఖ్యంగా సముద్రపు సూక్ష్మజీవుల నుంచి వస్తుంది. కానీ 67పి అనే తోకచుక్కలోనూ దాని ఆనవాళ్లు కనిపించాయి. అదే డేటాను మళ్లీ విశ్లేషించిన ఇతర బృందాలు ఆ సంకేతం బలహీనంగా ఉందన్నాయి. వాదన ఇంకా నడుస్తోంది.

నేరుగా ఫొటో తీయడం మూడో దారి. దానికీ గ్రహణమే గురువు. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ గ్రహణం వేళ రంగాపూర్‌కు, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెంకు అమెరికా నుంచి బృందాలు వచ్చి సూర్యుడి కరోనాను, అంటే దాని చుట్టూ ఉండే పలుచటి వెలుగును, ఫొటోలు తీశాయి. చంద్రుడు సూర్యుణ్ణి కప్పితేనే ఆ పలుచటి వెలుగు కనిపిస్తుంది. ఆ పనిని అద్దాల మధ్య చిన్న బిళ్లతో చేయించేదే కరోనాగ్రాఫ్. ఇప్పుడు దాన్ని నక్షత్రాలకు వాడుతున్నారు. 2008లో హెచ్‌ఆర్ 8799 చుట్టూ గ్రహాలను ఫొటో తీసినప్పుడు, మిగిలిన నక్షత్ర కాంతిని కంప్యూటర్‌లో తీసేశాక అవి బయటపడ్డాయి.

మన దేశంలో అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ మౌంట్ అబూలో పారస్ అనే స్పెక్ట్రోగ్రాఫ్ (వెలుగును రంగులుగా విడదీసి నమోదు చేసే పరికరం) పెట్టి, 2018లో దాదాపు 600 కాంతి సంవత్సరాల దూరంలో 27 భూముల బరువున్న గ్రహాన్ని నిర్ధారించింది. అది వాడింది 1.2 మీటర్ల టెలిస్కోపు, సరిగ్గా రంగాపూర్ సైజు. ఇంతకన్నా చిన్నదానితోనూ పని జరుగుతుంది. హంస (సిగ్నస్) నక్షత్ర మండలం పక్కనున్న వల్పెక్యులా మండలంలో హెచ్‌డీ 189733 అనే నక్షత్రం ఉంది. దాని గ్రహం 2.2 రోజులకోసారి అడ్డొచ్చి రెండు శాతానికి పైగా వెలుగు తగ్గిస్తుంది. వానాకాలం పోయాక దేవరకొండ వైపో, అచ్చంపేట వైపో చీకటి పొలంలో కెమెరా బిగించిన మామూలు టెలిస్కోపుతో ఆ తగ్గుదలను కొలవచ్చు. అది రెండు గంటల లోపే ఉంటుంది కాబట్టి వేళ ముందే చూసుకుని వెళ్లాలి.