ఆ మాట కనపడగానే టిక్కు పెట్టేస్తున్నారా? రీడింగ్ పరీక్షల అపోహలు, వాస్తవాలు

మొన్న శుక్రవారం రాత్రి తొమ్మిది దాటాక పిడుగురాళ్ల నుంచి ఒక నాన్నగారు ఫోన్ చేశారు. "మేడమ్ గారూ, మావాడికి ప్యాసేజ్ మొత్తం అర్థమైందంటండీ, ఆన్సర్లన్నీ లోపలే కనపడ్డాయంట, అయినా రీడింగ్‌లో ఐదున్నరే వేశారు, వీళ్లు పేపర్లు సరిగ్గా దిద్దుతారంటారా?" అని. గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ. ఎందుకుండదు, చదువుకో ఉద్యోగానికో విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్, ఒక్కసారి రాయాలంటే పదిహేను వేల పైమాటే, మళ్లీ రాయాలంటే మళ్లీ అంత.

"ఆన్సర్లన్నీ లోపలే కనపడ్డాయి" అనే ఈ ఒక్క మాట నేను గుంటూరులో క్లాసులు మొదలుపెట్టిన దగ్గర్నుంచీ వింటున్నా. ముందు విజయవాడలో చెప్పేదాన్ని, అక్కడా ఇదే. వాళ్లకు కనపడింది ఆన్సరు కాదండీ, ప్రశ్నలో ఉన్న మాట. అందుకే మిగతా పుకార్ల సంగతి చివర్లో రెండు ముక్కల్లో తేల్చేసి, ముందు దీని పని పడదాం.

అపోహ: ప్రశ్నలో ఉన్న మాట ప్యాసేజ్‌లో ఎక్కడుందో, ఏ ఆప్షన్‌లో అవే మాటలున్నాయో చూసుకుంటే అదే ఆన్సర్.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, నేనూ అలాగే పాసయ్యాను కాబట్టి. పదో తరగతి కాంప్రహెన్షన్‌లో ప్రశ్నలోని మాటని ప్యాసేజ్‌లో వెతుక్కుని ఆ లైను మొత్తం ఎత్తి రాసేస్తే ఫుల్ మార్కులు. అర్థం కాకపోయినా పర్లేదు. పదేళ్లు గైడ్లూ బిట్లూ పట్టుకుని కంటికి ఆ అలవాటు చేసి, ఇప్పుడు ఒక్క నెల కోచింగ్‌లో అది పోవాలంటే పోదు. కాబట్టి పిల్లల్ని తిట్టకండి.

నా క్లాసులో మొదటి రోజు ఒక చిన్న ప్యాసేజ్ ఇస్తాను. ఇచ్చేది ఇంగ్లిష్‌లోనే, భావం మాత్రం ఇక్కడ తెలుగులో రాస్తున్నా.

"విజయవాడ దగ్గర కృష్ణా నది మీద ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో పూర్తయింది. అది సుమారు వందేళ్లు డెల్టాకు నీళ్లిచ్చింది. 1952 వరదలకు తెగిపోయింది. దాని బదులుగా బ్యారేజీ పని 1954లో మొదలై 1957లో పూర్తయింది. దానికి టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు."

ప్యాసేజ్ ప్రకారం ఏది నిజం?

ఏ) 1855లో పూర్తయిన బ్యారేజీ 1952 వరదల దాకా డెల్టాకు నీళ్లిచ్చింది.
బి) 1952 వరదల వల్ల బ్యారేజీ పని 1954లో ఆగిపోయింది.
సి) అంతకుముందున్నది చేతులెత్తేశాక గానీ కొత్తదాని పని మొదలవలేదు.
డి) బ్యారేజీ పూర్తయ్యే దాకా ఆనకట్ట డెల్టాకు నీళ్లిస్తూనే ఉంది.

సగానికి పైగా ఏ దగ్గరే ఆగిపోతారు. 1855 ఉంది, 1952 ఉంది, వరదలున్నాయి, డెల్టా ఉంది, ఇంకేం కావాలి? 1855లో పూర్తయింది ఆనకట్ట, బ్యారేజీ కాదు. అంతే తేడా. కాస్త నిదానస్తులు డి పెడతారు. ఆనకట్ట, బ్యారేజీ, డెల్టా, నీళ్లు అన్నీ ప్యాసేజ్‌లో మాటలే, కానీ "పూర్తయ్యే దాకా" అని ఎవరు చెప్పారు? 1952లోనే తెగిందన్నారుగా. ఇక సి వైపు చూసేవాళ్లే తక్కువ. అందులో సంవత్సరం లేదు, ఆనకట్ట అన్న మాట లేదు, వరదలు లేవు, అసలు ప్యాసేజ్‌కి చుట్టంలా కూడా కనపడదు. ఆన్సర్ అదే. పాతది 1952లో పోయింది, కొత్తదాని పని 1954లో మొదలైంది, సి చెప్పేది అదే సంగతి, మాటలే వేరు.

ఒక్కసారి పేపరు తయారుచేసేవాడి కుర్చీలో కూర్చుని ఆలోచించండి. సరైన ఆప్షన్‌లో ప్యాసేజ్ మాటలే పెడితే వాడు పరీక్షిస్తున్నది మీ ఇంగ్లిష్‌ని కాదు, మీ కంటి చూపుని. అందుకని సరైనదాన్ని వేరే మాటల్లో చెప్తాడు. మరి తప్పు ఆప్షన్లు ఎవరో ఒకరు నమ్మేలా ఉండాలి కదా, వాటిలో ప్యాసేజ్ మాటలు దండిగా పోస్తాడు. అందుకే నేను పిల్లలకు చెప్పేదేంటంటే, ఒక ఆప్షన్ మరీ తెలిసిన మొహంలా కనపడితే వెంటనే టిక్కు పెట్టొద్దు, అనుమానించండి. అలాగని ప్యాసేజ్ మాట ఉన్నదల్లా తప్పు అని కొత్త మూఢనమ్మకం పెట్టుకోకండి, అది కూడా చూశాను నేను. ఒకబ్బాయి ఒక నెలంతా మాట కలిసిన ఆప్షన్లన్నీ కొట్టేసుకుంటూ పోయి ఇంకా కింద పడ్డాడు.

అయితే కీవర్డ్ వెతకడం దండగా అంటే, కాదు. అది అడ్రసు దాకా తీసుకెళ్తుంది. గుంటూరు వాళ్లకు తెలుసు, బ్రాడీపేట 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. అక్కడ బండి ఆపినంత మాత్రాన మీకు కావలసిన ఇల్లు దొరికినట్టు కాదు, గేట్లు చూసుకోవాలి, మనిషిని పిలవాలి. సంవత్సరాలు, మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, అంకెలు, రసాయనాల పేర్లు, వీటిని వేరే మాటల్లో చెప్పడం కష్టం కాబట్టి అడ్రసుకి ఇవి పనికొస్తాయి. అక్కడికి చేరాక ఆ వాక్యం, దాని ముందుది, వెనకది నిదానంగా చదవాలి. ఎవరు, ఏం చేశారు, ఎప్పుడు, ఎంత వరకు. ముఖ్యంగా మన కళ్లు జారిపోయే చిన్న మాటలు: అన్‌టిల్, ఓన్లీ, అన్‌లెస్, మోస్ట్, రాదర్ దాన్. నా అనుభవంలో మార్కులు పోయేది ఎక్కువగా ఈ చిన్నవాటి దగ్గరే, వొకాబులరీ లిస్టుల్లో బట్టీ పట్టిన పెద్ద మాటల దగ్గర కాదు. తర్వాత ఆప్షన్లు చూసే ముందు, ఆ వాక్యం ఏం చెప్పిందో మనసులో తెలుగులోనే ఒక్క ముక్క అనుకోండి. తెలుగులో అనుకోవడం నామోషీ కాదు. ప్యాసేజ్ మొత్తాన్ని తెలుగులోకి మార్చుకుంటూ కూర్చుంటే మాత్రం గంట చాలదు, ఆ రెండు మూడు లైన్లకే.

ఇదంతా ఎంత విలువ చేస్తుందో లెక్క చూడండి. ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రీడింగ్‌లో 40 ప్రశ్నలు, 60 నిమిషాలు. స్కోరుని బ్యాండ్ అంటారు, తొమ్మిదికి లెక్క. సుమారుగా 23 కరెక్టయితే బ్యాండ్ 6, 30 అయితే 7. అంటే ఏడు ప్రశ్నలకు ఒక బ్యాండ్ మొత్తం. మాట చూసి మోసపోయినవి ఏడు ఉండవా ఒక పేపర్లో? పిడుగురాళ్ల అబ్బాయివి ఇంకా ఎక్కువే ఉంటాయని నా అనుమానం.

అపోహ: ఆ టాపిక్ మనకు ముందే తెలిస్తే పండగే.

పండగ కాదు, గండం. పైన చెప్పిన ప్యాసేజ్‌కే ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ ప్రశ్న కూడా ఇస్తాను: "బ్యారేజీ మీద వాహనాలు వెళ్తాయి." క్లాసంతా ఒక్క గొంతుతో ట్రూ. తాడేపల్లి నుంచి వచ్చే ఒకబ్బాయి అయితే లేచి నిలబడ్డాడు, "మేడమ్, రోజూ బండి మీద దాని మీదుగానే వస్తున్నా, ట్రూ కాకపోవడమేంటి?" అని. నాయనా, నువ్వు దాటావు, ప్యాసేజ్ దాటలేదు. రోడ్డు సంగతి అందులో ఒక్క ముక్క లేదు, కాబట్టి నాట్ గివెన్. వాడు ఒప్పుకోలేదు. మర్నాడు పొద్దున బ్యారేజీ మీద ట్రాఫిక్ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాడు, కింద ఏమీ రాయలేదు.

నవ్వుకుంటాం గానీ, ఇది ఇంకో మనిషికి నవ్వులాట కాలేదు. గుంటూరులోనే ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు, యూకే వెళ్లాలని ప్రయత్నం. అక్కడ నర్సులకు రిజిస్ట్రేషన్ ఇచ్చే సంస్థ ఎన్‌ఎంసీ రీడింగ్‌లో 7 అడుగుతుంది. ఆవిడ నైట్ డ్యూటీ దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా క్లాసుకి వచ్చేది, ఫ్లాస్కులో టీ తెచ్చుకుని. ఒకరోజు సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ గురించి ప్యాసేజ్ ఇచ్చాను. 1847, వియన్నా. డాక్టర్లు, మెడికల్ విద్యార్థులు కాన్పులు చేసే వార్డులో బాలింతలు ఎక్కువగా చనిపోతున్నారు, మంత్రసానులు చేసే వార్డులో తక్కువ. డాక్టర్లు శవాలను కోసి, అవే చేతులతో కాన్పులకు వస్తున్నారని ఆయన పట్టుకుని, క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లతో చేతులు కడిగించాడు, చావులు బాగా తగ్గాయి. ప్రశ్న: ఆయన ఆ నీళ్లనే ఎందుకు ఎంచుకున్నాడు?

ఆవిడ ప్యాసేజ్ వైపు తిరిగి చూడకుండానే "క్రిములను చంపడానికి" అని పెట్టేసింది. రోజుకి నలభై సార్లు చేతులు కడుక్కునే మనిషి, ఆవిడకు చెప్పాలా? కానీ అప్పటికి క్రిముల వల్ల రోగాలొస్తాయన్న సిద్ధాంతమే నిలబడలేదు, పాశ్చర్, కోహ్‌ల పని తర్వాత సంగతి. సెమ్మెల్‌వైస్ అనుకున్నది శవం నుంచి ఏదో పదార్థం చేతికి అంటుకుంటోందని, ఎంత కడిగినా పోని ఆ వాసన ఈ నీళ్లతో పోతోంది కాబట్టి ఆ పదార్థం కూడా పోతుందని. ప్యాసేజ్‌లో ఉన్నది ఆ వాసన సంగతే. ఆవిడ కాసేపు పేపరు వైపు చూసి, "మేం చేసేదే కదా మేడమ్ ఇది" అని ఊరుకుంది. నాకూ ఏం చెప్పాలో తోచలేదు. నిజానికి ఆవిడ చెప్పింది సైన్సు ప్రకారం కరెక్టే. ప్రశ్న అడిగింది ఆయన ఏమనుకున్నాడని.

అప్పట్నుంచి ఆవిడ ఒక పని పెట్టుకుంది. ప్రతి ఆన్సర్‌కీ పక్కన ప్యాసేజ్‌లో లైన్ నంబరు వేసేది. నంబరు వెయ్యలేకపోతే అది తన బుర్రలోంచి వచ్చినట్టు లెక్క. ఇప్పుడు నేను అందరికీ అదే చేయిస్తున్నా. ఫాల్స్‌కీ నాట్ గివెన్‌కీ తేడా కూడా దీంతోనే తేలుతుంది. ఫాల్స్ అంటే దానికి ఎదురు చెప్పే లైను మీద వేలు పెట్టగలగాలి. వేలు పెట్టడానికి చోటు లేకపోతే నాట్ గివెన్, వదిలేసి తర్వాతదానికి పోండి. లేనిదాని కోసం నాలుగు నిమిషాలు వెతికే వాళ్లున్నారు, లేదని నమ్మడానికి ధైర్యం చాలక.

ఇక మిగతావి గబగబా.

"నాట్ గివెన్లు కచ్చితంగా రెండో మూడో ఉంటాయి." అలాంటి కోటా ఏమీ లేదు. లెక్కపెట్టి పెట్టకండి.

"ఆన్సర్లు ఎప్పుడూ పేరా మొదటి లైన్లోనే." పేరా మొత్తం దేని గురించో చెప్పే ప్రశ్నకు మొదటి లైను కొంత సాయం చేస్తుందేమో. వివరం అడిగే ప్రశ్నకు ఆన్సర్ ఎక్కడైనా ఉండొచ్చు.

"ప్రశ్నలన్నీ ప్యాసేజ్ వరసలోనే వస్తాయి." ఐఈఎల్‌టీఎస్‌లో ట్రూ ఫాల్స్ లాంటివి వరసలోనే వస్తాయి, దాన్ని వాడుకోండి. ఏ సమాచారం ఏ పేరాలో ఉందో జత చేయమనేవి మాత్రం వరసలో రావు. వాటినీ వరసలో వెతికి టైమంతా తగలేసుకుంటారు.

"తెలియనిది వదిలేస్తే మంచిది." ఏ పరీక్షకి? ఐఈఎల్‌టీఎస్‌లో తప్పుకి మార్కు కొయ్యరు, ఖాళీగా వదలడం శుద్ధ దండగ. బ్యాంకు పరీక్షల్లో తప్పు ఆన్సర్‌కి ఆ ప్రశ్న మార్కులో పావు వంతు పోతుంది, అక్కడ ఆలోచించి పెట్టాలి. రెండూ కలిపి ప్రిపేర్ అయ్యేవాళ్లు ఒకదాని అలవాటు ఇంకోదానికి తెచ్చుకుంటున్నారు.

"నాట్, ఎక్సెప్ట్ ప్రశ్నలు కష్టం." కష్టం కాదు, విసుగు. మూడు ప్యాసేజ్‌లో ఉంటాయి, ఒకటి ఉండదు. దొరికినవి కొట్టేసుకుంటూ పోండి. టెన్షన్‌లో ఆ నాట్ మర్చిపోయి, మొదట దొరికిన నిజానికే టిక్కు పెట్టేసేవాళ్లే ఎక్కువ.

"రెండు మాటలకు మించకుండా అంటే మూడు రాసినా చూసీచూడనట్టు వదిలేస్తారు." వదలరు. స్పెల్లింగ్ కూడా వదలరు.

"హైదరాబాద్‌లో రాస్తే పేపరు సులువు." ఎవరు చెప్పారండీ? బస్సు చార్జీలు, హోటల్ ఖర్చు దండగ.

పిడుగురాళ్ల ఆయనకు ఇదంతా ఫోన్‌లో చెప్పలేదు. రీవాల్యుయేషన్‌కి డబ్బు కట్టే ముందు ఒక్కసారి అబ్బాయిని పంపమన్నాను. సోమవారం పొద్దున వస్తానన్నాడట. ఇంట్లో రాసిన ప్రాక్టీస్ పేపర్లన్నీ తెమ్మన్నాను, ముఖ్యంగా తప్పులు పోయినవి. "అవి పాత కాగితాలోడికి వేసేద్దామని కట్ట కట్టి పెట్టాం మేడమ్" అన్నారాయన. కట్ట విప్పకుండా అలాగే పంపమన్నాను.