ఫుటీలో అందరూ బంతి మీదే ఎందుకు పడతారు?

ప్రియమైన పిల్లలకు,

మెల్‌బోర్న్‌లో ఫుటీ, అంటే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ మ్యాచ్ చూసి, "ఇంత పెద్ద గ్రౌండ్ పెట్టుకుని అందరూ ఒక్కచోటే కుమ్ముకుంటారేం?" అని అడిగారు కదా. దానికి కారణం ఈ ఆటలో ఆఫ్‌సైడ్, అంటే బంతిని దాటి ముందు కాచుకుని ఉండకూడదనే నియమం, లేకపోవడమే. జట్టుకు 18 మంది చొప్పున 36 మందీ ఎక్కడికైనా పరుగెత్తొచ్చు. అలసినవాడు బెంచీ మీద కాసేపు ఊపిరి పీల్చుకుని మళ్లీ దిగిపోతే గుంపు ఎప్పటికీ పలచబడదు. అందుకే ఈ ఆట లీగ్ నడిపే ఏఎఫ్‌ఎల్ ఆటగాళ్ల మార్పిడికి పరిమితి పెట్టింది. 2014లో ఒక్కో జట్టుకు మ్యాచ్‌కు 120 మార్పిడులు, 2016లో 90, 2021 నుంచి 75. కాళ్లు అలసిపోతే ఖాళీలు ఏర్పడతాయని ఆశ. కానీ కోచ్‌లు తక్కువ తిన్నారా? బంతిని తరమడం తగ్గించి, వెనక్కొచ్చి దారి మూసేయడం నేర్పారు.

2019లో 6-6-6 నియమం వచ్చింది. అంపైర్ మైదానం మధ్యలో బంతిని ఎగరేసి ఆట మొదలుపెట్టేటప్పుడు ప్రతి జట్టూ రెండు చివర్లా గోల్ ముందు గీసిన 50 మీటర్ల ఆర్క్‌లలో (వంపు గీతల లోపల) ఆరుగురి చొప్పున, మధ్యలో ఆరుగురిని నిలబెట్టాలి. ఆ మధ్యవాళ్లలో నలుగురు సెంటర్ స్క్వేర్ అనే మధ్య చతురస్రంలో, ఇద్దరు దాని రెండు పక్కలా వింగ్‌ల మీద ఉంటారు. నియమం వచ్చినప్పుడు, తప్పితే మొదట హెచ్చరిక, మళ్లీ తప్పితే ప్రత్యర్థికి ఫ్రీ కిక్ అన్నారు. నియమం మంచిదే గానీ, అది బంతి ఎగరేసేదాకే. బంతి ఎగిరాక ఎవరినీ ఆపలేం. ఆ ఏడాది స్కోర్లూ పెరగలేదు.

నన్నడిగితే ఎక్కువ పనిచేసింది 2021 నాటి "స్టాండ్" నియమం. ఒకడు మార్క్ పట్టాడనుకోండి, అంటే తన్నిన బంతిని నేల తాకకముందే అందుకుని, అడ్డు లేకుండా కిక్ కొట్టే హక్కు సంపాదించాడు. ఆ చోట అడ్డంగా నిలబడ్డ ప్రత్యర్థి ఇదివరకు పక్కకు జరుగుతూ, ఏటవాలుగా మైదానం మధ్యలోకి కొట్టే దారిని మూసేసేవాడు. ఇక కొట్టేవాడికి మిగిలింది బౌండరీ గీత పక్కన పొడుగు కిక్కే. అక్కడ రెండు జట్లూ కాచుకుని ఉంటాయి, బంతి పడగానే గుంపు కడతాయి. ఇప్పుడు అంపైర్ "స్టాండ్" (ఆగు) అన్నాక "ప్లే ఆన్" (ఆడండి) అనేదాకా ఆ అడ్డం నిలబడ్డవాడు పక్కకు కదలకూడదు. కదిలితే 50 మీటర్ల పెనాల్టీ, అంటే కొట్టేవాడు గోల్ వైపు 50 మీటర్లు ముందుకెళ్తాడు, చాలాసార్లు గోల్ ఇచ్చేసినట్టే. 6-6-6 మ్యాచ్‌లో ఏ కొద్దిసార్లో పనికొస్తే, ఇది ప్రతి మార్క్‌కూ పనికొస్తుంది. తేడా అక్కడుంది.

ఈసారి మ్యాచ్‌కు వెళ్తే మధ్యలో బంతి ఎగరేసేటప్పుడు బంతిని వదిలేసి ఒక ఆర్క్‌నే చూడండి. మొదట 12 మంది ఉంటారు. పది అంకెలు లెక్కపెట్టాక ఎంతమంది మిగిలారో నాకు రాయండి.

ఆశీస్సులతో,
తాతయ్య