క్రాంప్స్: అటకెక్కిన పాటలకు కోరలు తొడిగిన బ్యాండ్

2022 నవంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో ‘వెన్స్‌డే’ సిరీస్ వచ్చింది. స్కూలు వేడుకలో జెన్నా ఒర్టేగా చేసిన వింత డ్యాన్స్‌ను చూడనివాళ్లు తక్కువ. సోషల్ మీడియాలో చాలామంది ఆ దృశ్యానికి లేడీ గాగా పాట అతికించి పంచుకున్నారు. సిరీస్‌లో వినిపించే అసలు పాట ‘గూ గూ మక్’. 1981లో దాన్ని రికార్డు చేసింది ద క్రాంప్స్ అనే అమెరికా రాక్ బ్యాండ్. అయితే అది వాళ్లు రాసుకున్నదీ కాదు. 1962లో రానీ కుక్ అండ్ ద గేలాడ్స్ పాడగా, కాలక్రమంలో మరుగున పడిపోయిన రికార్డు. అలాంటి పాటల్ని వెతికి పట్టుకుని బతికించడమే ఈ బ్యాండ్ జీవితాంతం చేసిన పని.

దీనికి మూలం ఒక జంట. గాయకుడు లక్స్ ఇంటీరియర్, గిటారిస్టు పాయిజన్ ఐవీ 1972లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో కలిశారు. ఇద్దరికీ పాత రికార్డుల పిచ్చి. లక్స్‌ది ఒహాయో. అతని కుర్రతనంలో క్లీవ్‌లాండ్ టీవీలో ఎర్నీ ఆండర్సన్, గూలార్డీ అనే వేషంలో రాత్రిపూట చవకబారు దయ్యాల సినిమాలు వేస్తూ, మధ్యలో దూరి వాటినే వెక్కిరించేవాడు. ఆయన ఊతపదమే ‘స్టే సిక్’. 1990లో క్రాంప్స్ తమ ఆల్బమ్‌కు అదే పేరు పెట్టుకుంది.

1976లో న్యూయార్క్‌లో బ్యాండ్ మొదలైంది. సీబీజీబీ క్లబ్బులో పంక్ అనే వేగమైన, మొరటు రాక్ సంగీతం ఊపందుకుంటున్న రోజులవి. వీళ్లు ఆ వేగానికి 1950ల నాటి రాకబిల్లీని (రాక్ అండ్ రోల్, పల్లె సంగీతం కలిసిన శైలి), శ్మశానాల వాతావరణాన్ని జోడించారు. బేస్ గిటార్ లేదు. రెండు గిటార్లు, డ్రమ్స్, లక్స్ గొంతు, అంతే. తొలి ఆల్బమ్ 1980లో వచ్చింది. దాన్ని మెంఫిస్‌లో, ఎల్విస్‌ను తొలిసారి రికార్డు చేసిన శామ్ ఫిలిప్స్‌కు చెందిన స్టూడియోలో, సంగీతకారుడు అలెక్స్ చిల్టన్ ఆధ్వర్యంలో తయారు చేశారు.

అంతకు ముందే, 1978 జూన్ 13న, కాలిఫోర్నియాలోని నాపా మానసిక చికిత్సాలయంలో రోగుల కోసం ఉచితంగా పాడారు. ఆ నలుపు తెలుపు వీడియో ఇప్పటికీ దొరుకుతుంది, తప్పక చూడాలి. మీకు పిచ్చి అని ఎవరో చెప్పారు, నాకైతే అలా అనిపించడం లేదు అంటాడు లక్స్ వాళ్లతో. రోగులు వేదిక ఎక్కుతారు, మైకు అందుకుంటారు, అతనితో కలిసి గంతులేస్తారు. ఎవరూ వాళ్లను కిందికి తోయరు. క్రాంప్స్ దయ్యాల వేషం జనాన్ని జడిపించడానికి కాదని, వెలివేతకు గురైనవాళ్లతో చేయి కలపడానికని నాకు ఆ వీడియో చూశాకే అర్థమైంది.

తర్వాత తమ రికార్డు కంపెనీ ఐఆర్ఎస్ రికార్డ్స్‌తో గొడవ ముదిరి, 1983 దాకా కొత్త రికార్డులు ఆగిపోయాయి. సభ్యులు వస్తూ పోతూ ఉన్నారు. చివరిదాకా నిలిచింది ఆ ఇద్దరే. అందులో ఐవీకి దక్కాల్సిన పేరు దక్కలేదనే నేనంటాను. పాటల రచనలో సగం ఆమెది, గిటార్ ఆమెది, పలు ఆల్బమ్‌లకు ప్రొడ్యూసర్ కూడా ఆమే. అయినా ఫొటోల్లో ఆమె దుస్తుల గురించి రాసినంతగా ఆమె వాయిద్యం గురించి రాయలేదు.

2009 ఫిబ్రవరి 4న లక్స్ గుండె రక్తనాళం చీలి, 62 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. బ్యాండ్ అక్కడితో ఆగిపోయింది. ఆ పేరుతో మరో గాయకుణ్ని ఐవీ తీసుకురాలేదు.

తొలినాళ్లలో పోస్టర్ల మీద వాళ్లు వేసుకున్న ‘సైకోబిల్లీ’ అనే మాట, 1980 తర్వాత మీటియర్స్ లాంటి బ్యాండ్లతో బ్రిటన్‌లో ఒక సంగీత శాఖకే పేరైంది. నాకు అంతకన్నా విలువైనదిగా తోచే వారసత్వం వేరే ఉంది. వెస్ట్ వర్జీనియాలో ఒంటరిగా గిటార్, డ్రమ్స్ రెండూ తానే వాయిస్తూ ఇంట్లోనే రికార్డు చేసుకున్న హేసిల్ ఆడ్కిన్స్ పాటను క్రాంప్స్ పాడింది. ఆ తర్వాత 1986లో, ఒకప్పుడు ఈ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించిన మిరియం లినా, బిల్లీ మిల్లర్‌తో కలిసి నార్టన్ రికార్డ్స్ స్థాపించింది. ఆ సంస్థ తెచ్చిన మొదటి ఆల్బమ్ ఆడ్కిన్స్ పాత రికార్డింగులదే.