తక్కువ పాయింట్లు ఇచ్చిన జట్టుది మంచి డిఫెన్సేనా?

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో వరుసగా ఓడిపోతున్న జట్టు గురించి మాట్లాడుకునేటప్పుడు ఒక ఊరట మాట తరచూ వినిపిస్తుంది: స్కోరు చేయలేకపోతున్నారు గానీ డిఫెన్స్ గట్టిగానే ఉంది, మ్యాచ్‌కు 65 పాయింట్లే ఇస్తున్నారు కదా అని. ఆ మాట నిజమూ కావచ్చు, కాకపోనూ వచ్చు. కానీ ఆ ఒక్క సంఖ్యను బట్టి ఏదీ తేలదు. ఎందుకంటే మ్యాచ్‌కు ఇచ్చిన పాయింట్ల సగటులో డిఫెన్స్ నాణ్యతతో పాటు ఆట వేగం, ప్రత్యర్థుల బలం, అదృష్టం, చివరికి ఆ జట్టు సొంత స్కోరింగ్‌లోని లోపాలు కూడా కలిసిపోయి ఉంటాయి.

ముందుగా వేగం సంగతి చూద్దాం. 1990 మార్చిలో జాతీయ టోర్నమెంటులో లయోలా మేరీమౌంట్ జట్టు, అంతకుముందు ఏడాది ఛాంపియన్ అయిన మిషిగన్‌ను 149–115 తేడాతో ఓడించింది. 1996లో ప్రిన్స్‌టన్ కూడా అదే టోర్నమెంటులో, అప్పటికి ఛాంపియన్‌గా ఉన్న యూసీఎల్ఏను 43–41తో ఓడించింది. మొదటి జట్టు బంతి చేతికి అందగానే పరుగెత్తి షాట్ వేసేది. రెండోది షాట్ క్లాక్ (ఒక్కో దఫాలో షాట్ వేయడానికి ఇచ్చే గడువు) చివరి క్షణాల దాకా పాసులు ఇస్తూనే ఉండేది. ప్రత్యర్థికి 115 పాయింట్లు ఇచ్చిన జట్టు 34 పాయింట్ల తేడాతో గెలిచిందంటే, ఇచ్చిన పాయింట్ల మొత్తం ఎంత తక్కువ సమాచారం ఇస్తుందో అర్థమవుతుంది. ఒక బౌలర్ 40 పరుగులిచ్చాడంటే, ఎన్ని ఓవర్లలో అని అడగకుండా క్రికెట్ అభిమాని ఎవరూ తీర్పు చెప్పరు. బాస్కెట్‌బాల్‌లోనూ అడగవలసిన ప్రశ్న అదే.

ఇక్కడ ఓవర్ స్థానంలో ఉండేది పొసెషన్, అంటే బంతి ఒక జట్టు చేతికి వచ్చినప్పటి నుంచి అవతలి జట్టుకు పోయేదాకా సాగే దఫా. నార్త్ కరోలినా కోచ్ డీన్ స్మిత్ దశాబ్దాల క్రితమే ఆటను ఇలా దఫాలవారీగా లెక్కించేవారు. మ్యాచ్ గణాంకాల నుంచి పొసెషన్లను అంచనా వేయడం కష్టమేమీ కాదు. వేసిన షాట్ల నుంచి, తమ షాట్ తప్పినప్పుడు తామే తిరిగి అందుకున్న రీబౌండ్లను తీసివేసి, టర్నోవర్లను (షాట్ వేయకుండానే బంతిని పోగొట్టుకున్న సందర్భాలను) కలిపి, ఫ్రీ త్రోల (ఫౌల్ జరిగినప్పుడు అడ్డు లేకుండా వేసే షాట్ల) సంఖ్యలో సుమారు 0.475 వంతును చేర్చాలి. ఉదాహరణకు 62 పొసెషన్లలో 65 పాయింట్లు ఇచ్చిన జట్టు వందకు దాదాపు 105 ఇచ్చినట్టు. 75 పొసెషన్లలో 74 ఇచ్చిన జట్టు వందకు 99 కూడా ఇవ్వనట్టు. పత్రికల పట్టికలో మొదటి జట్టు పైన కనిపిస్తుంది, మైదానంలో మాత్రం రెండోదే మెరుగు.

వేగాన్ని సరిచేసినంత మాత్రాన సమస్య తీరదు. అంతకన్నా మోసపూరితమైనది దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లలో (త్రీ-పాయింటర్లు, లేదా త్రీలు) పడినవాటి శాతం. వాతావరణ శాస్త్రం చదివి, తర్వాత కాలేజీ బాస్కెట్‌బాల్ విశ్లేషణలో పేరు తెచ్చుకున్న కెన్ పోమరోయ్ ఈ విషయాన్ని చాలాకాలంగా చెబుతున్నారు: ప్రత్యర్థి ఎన్ని త్రీ-పాయింటర్లు వేస్తాడన్నది డిఫెన్స్ చేతిలో చాలావరకు ఉంటుంది గానీ, వేసినవాటిలో ఎన్ని పడతాయన్నది అంతగా ఉండదు. ఒక జట్టు మీద ప్రత్యర్థులు పది మ్యాచుల్లో 200 త్రీలు వేశారనుకుందాం. సగటున 34 శాతం పడితే 68 లోపలికి వెళ్లాలి. డిఫెన్స్‌లో రవ్వంత మార్పు లేకపోయినా, కేవలం యాదృచ్ఛికంగా ఆ సంఖ్య 61కి తగ్గడమో 75కి పెరగడమో చాలా మామూలు. ఆ రెంటి మధ్య తేడా 42 పాయింట్లు, అంటే మ్యాచ్‌కు నాలుగు పైచిలుకు. ఒక్క బుట్ట తేడాతో తేలిపోయే మ్యాచులున్న సీజనులో ఇది కోచ్ ఉద్యోగాన్ని నిలబెట్టగలదు, ఊడగొట్టనూ గలదు. వేసిన ఫ్రీ త్రో పడుతుందా లేదా అన్న విషయంలో డిఫెన్స్ చేయగలిగింది అసలే లేదు. అయినా ప్రత్యర్థులు వాటిని తప్పినంతకాలం పట్టికలో డిఫెన్స్ బాగున్నట్టే కనిపిస్తుంది.

2018లో వర్జీనియాకు జరిగింది ఇందుకు కొంతవరకు నిదర్శనం. దేశంలోనే అతి తక్కువ పాయింట్లు ఇచ్చిన ఆ జట్టు, జాతీయ టోర్నమెంటులో పదహారో సీడ్ (అట్టడుగు ర్యాంకు) యూఎంబీసీ చేతిలో 74–54తో ఓడిపోయింది. విరామానికి స్కోరు 21–21. రెండో సగంలోనే యూఎంబీసీ 53 పాయింట్లు చేసింది, మొత్తం మీద 24 త్రీలు వేసి 12 పడేసింది. అందులో వర్జీనియా వదిలేసిన ఖాళీ షాట్లు లేకపోలేదు, కాబట్టి అంతా దురదృష్టమే అనడం యూఎంబీసీ ఆటగాళ్లకు అన్యాయం. కానీ వర్జీనియా డిఫెన్స్ బూటకమని ఆ రాత్రి తీర్పు చెప్పినవారు తొందరపడ్డారు. అదే కోచ్, అదే పద్ధతితో మరుసటి ఏడాది జాతీయ టైటిల్ గెలిచారు.

ఓడిపోయే జట్ల విషయంలో మరో చిక్కు ఉంది, నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువగా విస్మరించేది ఇదే. తమ షాట్ పడితే ప్రత్యర్థి బంతిని గీత వెనక నుంచి లోపలికి అందించాలి, ఈలోగా ఐదుగురూ వెనక్కి చేరుకుని తమ తమ స్థానాల్లో నిలబడగలరు. మధ్య గీత దగ్గర బంతి చేజారితే, ఎదురులేకుండా రింగ్ వైపు పరుగెత్తేవాణ్ణి ఎంత మంచి డిఫెండరైనా ఆపలేడు. అలా వచ్చిన రెండు పాయింట్లు డిఫెన్స్ ఖాతాలో పడతాయి గానీ, తప్పు మాత్రం బంతిని పోగొట్టుకున్నవారిది. దీనికి విరుద్ధమైనదీ జరుగుతుంది. ఇరవై పాయింట్ల ఆధిక్యంలో ఉన్న ప్రత్యర్థి బెంచ్ ఆటగాళ్లను దింపి, గడియారం కరిగిస్తూ ఆడితే, ఓడుతున్న జట్టు గణాంకాలు చివరి పది నిమిషాల్లో చక్కబడతాయి. ఇక కొద్ది తేడాతో వెనకబడి కావాలని ఫౌళ్లు చేసే జట్టు, ఆఖరి నిమిషంలో ఫ్రీ త్రోల రూపంలో ఇచ్చే పాయింట్లకూ దాని డిఫెన్స్‌కూ సంబంధమే లేదు.

అందువల్ల వెనకబడిన జట్టును అంచనా వేయదలచినవారు పాయింట్లను పక్కన పెట్టి, ప్రత్యర్థి షాట్లలో ఎన్ని రింగ్ దగ్గర నుంచి వచ్చాయో, తప్పిన షాట్లలో ఎన్నిటిని ఈ జట్టు రీబౌండ్ చేసిందో, ఎన్ని ఫౌళ్లు చేసిందో చూడాలి. త్రీల శాతంతో పోలిస్తే ఇవి సీజను మొదట్లోనే స్థిరపడతాయి. ప్రత్యర్థుల బలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి, ఎందుకంటే నవంబరు, డిసెంబరు నెలల్లో పెద్ద కాలేజీలు చాలావరకు బలహీన జట్లను తమ మైదానానికి పిలిచి ఆడతాయి. అప్పుడు కార్నర్‌లో ఖాళీగా నిలబడి కూడా షాట్ పడేయలేని ప్రత్యర్థుల స్థానంలో, జనవరిలో కాన్ఫరెన్స్ (తమ లీగ్‌లోని జట్లతో ఆడే) మ్యాచులతో పాటు మంచి షూటర్లు వస్తారు. అదే కార్నర్, అదే ఖాళీ. ఈసారి బంతి లోపలికి వెళ్తుంది.