పెద్ద బ్లోయర్ కొంటే పని త్వరగా అవుతుందా? కొలిమి గాలి మీద అపోహలు, వాస్తవాలు

పోయిన వారం ఒక తమ్ముడు గుడ్డలో చుట్టిన రెండు కొడవళ్లు తెచ్చి నా ముందు పెట్టాడు. అంచు పొడవునా చెదలు తిన్నట్టు గుంటలు. "అన్నా, ఇవి చేసిన లారీ కమాను పట్టీ నకిలీదేమో చూడు" అన్నాడు. పట్టీ మంచిదే. కొత్తగా తెచ్చుకున్న ఒక హెచ్‌పీ బ్లోయర్ దాన్ని కాల్చేసింది. చేతి చక్రం మానేసి కరెంటు బ్లోయర్‌కి మారినవాళ్ల దగ్గర నేను మళ్లీ మళ్లీ చూసే నష్టం ఇదే.

అపోహ: బ్లోయర్ ఎంత పెద్దదైతే పని అంత త్వరగా అవుతుంది.

వాస్తవం: లోపలికి వెళ్లిన గాలిలోని ఆక్సిజన్‌ని బొగ్గే తినేయాలి. అంతకు మించి తోస్తే మిగిలింది ఇనుము మీద పడుతుంది. పైన పొలుసు కట్టి రాలిపోతుంది, ఉక్కులోని కార్బన్ పోతుంది. ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా నీళ్లలో ముంచినా కొడవలికి పదును నిలవదు. లారీ కమాను పట్టీలో కార్బన్ ఎక్కువ కాబట్టి మామూలు ఇనుము కంటే ముందే కాలుతుంది. నారింజ రంగు వస్తే చాలు, అంటే సుమారు 900 నుంచి 1000 డిగ్రీలు. కాకరపువ్వొత్తిలా రవ్వలు చిమ్మిందంటే ఆ ముక్క పోయినట్టే, కోసి పారేయాలి.

ఆ తమ్ముడిని నా కొలిమి దగ్గరే నిలబెట్టి చూపించాను. గాలి పావు వంతు తెరిచి, గాలి కన్నుకి, అంటే గొట్టంలోంచి కొలిమిలోకి గాలి వచ్చే రంధ్రానికి, నాలుగైదు అంగుళాల పైన, నిప్పుల మధ్య పట్టీని అడ్డంగా పెట్టాను. నెమ్మదిగా, సమానంగా ఎర్రబడింది. తర్వాత గాలి మొత్తం తెరిచాను. తుమ్మ బొగ్గు ముక్కలు ఎగిరిపడ్డాయి, కాసేపటికే పట్టీ మొన నుంచి తెల్లటి రవ్వలు లేచాయి. "వడ్డీకి తెచ్చి కొన్నానన్నా" అన్నాడు మెల్లగా. అమ్మేయక్కర్లేదు తమ్ముడూ, గాలికి అడ్డం పెట్టి తగ్గించుకోవడానికి ఒక రేకు ముక్క చాలు అన్నాను. ఊళ్లో కత్తులు, కొడవళ్లు చేసే కొలిమికి పావు హెచ్‌పీ దాటాల్సిన పని లేదు. కానీ కొనేసినదాన్ని కూడా అదుపులో పెట్టుకోవచ్చు.

అపోహ: గాలికి రేకు అడ్డం పెడితే మోటార్ కాలిపోతుంది.

వాస్తవం: అతనికి కొట్టువాళ్లు చెప్పింది ఇదే, అందుకే భయపడి గాలి మొత్తం వదిలేశాడు. నత్త గుల్ల ఆకారంలో ఉండే బ్లోయర్‌లో గాలి తగ్గితే మోటార్ మీద లోడు కూడా తగ్గుతుంది. నమ్మకం కుదరకపోతే క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) పెట్టి చూసుకోండి, రేకు మూసేకొద్దీ ఆంపియర్లు దిగుతాయి. దుమ్ము ఊదడానికి వాడే చేతి బ్లోయర్ల సంగతి వేరు. వాటిలో కార్బన్ బ్రష్‌లుంటాయి, అవి గంటల తరబడి నడవడానికి చేసినవి కావు. తప్పనిసరై వాడితే గొట్టానికి పక్కన కన్నం పెట్టి అదనపు గాలిని బయటికి వదలండి. ఇక బ్రష్‌లు లేని ఇండక్షన్ మోటార్‌కి సీలింగ్ ఫ్యాను రెగ్యులేటర్ తగిలించే పని మాత్రం చేయకండి. కాలితే దానివల్లే కాలుతుంది.

ఎగ్జాస్ట్ ఫ్యాను పనికొస్తుందా అని అడుగుతుంటారు. రాదు. అది గాలిని కదిలిస్తుంది గానీ బొగ్గుల గుట్టలోంచి తోయలేదు.

"బ్లోయర్ బలం తగ్గింది, మార్చేస్తా" అనేవాళ్లు ముందు గాలి కన్ను దగ్గర చిట్టెం (బొగ్గు కాలాక కరిగి గట్టిపడిన మడ్డి) తీసి చూడండి. చాలాసార్లు అడ్డం అదే. గొట్టానికి వంపులు తగ్గించండి. కొలిమి దగ్గరి మీటరు ఇనుప గొట్టమే ఉండాలి, పీవీసీ మెత్తబడి కారిపోతుంది.

అపోహ: కరెంటు పోతే బ్లోయర్ ఆగుతుంది, అంతే కదా.

వాస్తవం: అంతే కాదు. గాలి ఆగాక నిప్పుల్లోని గ్యాస్ గొట్టంలోకి వెనక్కి పాకుతుంది. తాజాగా రాక్షసి బొగ్గు వేసినప్పుడు మరీ ఎక్కువ. ఒకసారి మా షెడ్డులో కరెంటు పోయి వచ్చింది. స్విచ్ వేయగానే ఢామ్మని పేలి గొట్టం జాయింట్ ఊడిపోయింది. నా భార్య చేతి రుమాలుతో బొగ్గు పొడి దులుపుకుంటూ బయటికి పరుగెత్తడం ఇంకా కళ్లముందే ఉంది. అదృష్టం కొద్దీ ఎవరికీ దెబ్బ తగల్లేదు. అప్పటి నుంచి కరెంటు పోతే మొదట స్విచ్ కట్టేసి, గొట్టాన్ని బ్లోయర్ దగ్గర విడదీస్తాం. కరెంటు వచ్చాక బ్లోయర్‌ని విడిగా తిప్పి, అది ఊదుతుండగానే గొట్టం తగిలిస్తాం.