వీడియో ఫార్మాట్ మార్పిడి: అపోహలు - వాస్తవాలు

చెన్నై వడపళనిలో మేము ఎడిటింగ్ పని చేస్తుంటాము. ఆన్‌లైన్‌లో ఫార్మాట్ మార్చాక వీడియో పాడైందంటూ మా వద్దకు వచ్చే తెలుగువారు ఎందరో ఉన్నారు. వారిలో చాలామందికి ఆ మార్పిడి అవసరమే ఉండదు.

అపోహ: ఎంకేవీ కంటే ఎంపీ4లో బొమ్మ బాగుంటుంది.

వాస్తవం: ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ అన్నవి దృశ్యాన్ని, శబ్దాన్ని కలిపి ఉంచే డబ్బాలు మాత్రమే. నాణ్యత వాటిలో ఉన్న దృశ్యాన్ని ఏ కోడెక్‌తో (కుదింపు పద్ధతితో), ఎంత బిట్‌రేటుతో (సెకనుకు వాడే డేటాతో) కుదించారన్న దానిపై ఆధారపడుతుంది. 2003లో వచ్చిన హెచ్.264 కోడెక్ గానీ, 2013లో వచ్చిన హెచ్.265 గానీ ఎంపీ4, ఎంకేవీ రెండింటిలోనూ ఇముడుతుంది. మీ టీవీ ఎంకేవీని తెరవకపోయినా, లోపల హెచ్.264 దృశ్యం, ఏఏసీ శబ్దం ఉంటే డబ్బా మారిస్తే చాలు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కాపీ పద్ధతి ఎంచుకుంటే ఒక్క ఫ్రేము కూడా మళ్ళీ ఎన్‌కోడ్ కాదు (కుదింపుకు లోనుకాదు) కనుక, నాణ్యత చెక్కుచెదరకుండా పని చాలా త్వరగా ముగుస్తుంది. మళ్ళీ ఎన్‌కోడ్ చేసిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది. పోయింది తిరిగి రాదు. అందుకే ముందుగా వీఎల్‌సీ ప్లేయరులో కోడెక్ సమాచారం చూడమని అందరికీ చెబుతాను.

అపోహ: ఫైలు పేరు చివర అక్షరాలు మారిస్తే ఫార్మాట్ మారుతుంది.

వాస్తవం: మారదు. వీఎల్‌సీ పేరును పట్టించుకోకుండా లోపలి సమాచారాన్నే చదువుతుంది గనుక పేరు మార్చిన ఫైలు అక్కడ ఆడుతుంది, టీవీలో మాత్రం మొరాయించవచ్చు.

అపోహ: ఉచిత సైటులో మార్చుకుంటే పోయేదేమీ లేదు.

వాస్తవం: చాలా సైట్లలో మీ ఫైలు ముందు వారి సర్వరుకు చేరుతుంది. ఇంటి ఆడపిల్లల, పసిపిల్లల వీడియోలను ముక్కూమొహం తెలియని చోటికి పంపడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. ఇలాంటి నకిలీ సైట్ల ద్వారా మాల్వేర్ వ్యాపిస్తోందని 2025 మార్చిలో అమెరికాలోని ఎఫ్‌బీఐ డెన్వర్ కార్యాలయం హెచ్చరించింది కూడా. సొంత కంప్యూటరులో హ్యాండ్‌బ్రేక్ అనే మార్పిడి సాఫ్ట్‌వేర్ వేసుకుంటే ఖర్చూ లేదు, ఫైలు ఇల్లు దాటదు.

అపోహ: మార్చిన వీడియోలో పెళ్ళి సగమే వస్తోందంటే డీవీడీ పాడైనట్టే.

వాస్తవం: మా వద్దకు వచ్చే ఫిర్యాదుల్లో ఇది తరచూ వినిపిస్తుంది. డీవీడీలోని వీడియో సుమారు ఒక్కో జీబీ చొప్పున వీఓబీ అనే ఫైళ్ళ ముక్కలుగా ఉంటుంది. మొదటి ముక్కను మాత్రమే అప్‌లోడ్ చేసినవారికి స్నాతకం, కాశీయాత్ర వచ్చి, జీలకర్ర-బెల్లం దగ్గరకు రాకముందే వీడియో ఆగిపోతుంది. మిగతా ముక్కలు డిస్కులో భద్రంగానే ఉంటాయి, వాటిని వరుసగా కలిపి మార్చాలి.

మరో చిక్కు కూడా ఉంది. మన దేశపు డీవీడీలు సాధారణంగా పాల్ అనే టీవీ ప్రసార పద్ధతిలో, 720×576 కొలతలో, సెకనుకు 25 ఫ్రేములతో ఉంటాయి. అలా కెమెరాతో తీసిన పెళ్ళి వీడియోల్లో సాధారణంగా ఒక్కో ఫ్రేములో సరి, బేసి గీతలు వేర్వేరు క్షణాలవి. ఆ తేడాను సరిచేసే డీఇంటర్‌లేస్ చేయకుండా మారిస్తే, కదిలే చేతుల అంచుల వెంట దువ్వెన పళ్ళలాంటి గీతలు కొత్త ఫైలులో శాశ్వతంగా ఉండిపోతాయి. 4కేకు పెంచినా అవి పోవు, లేని వివరమూ పుట్టదు. హ్యాండ్‌బ్రేక్‌లో డీఇంటర్‌లేస్ ఎంచుకుని, మొదట తలంబ్రాల ఘట్టాన్ని ఒక నిమిషం పాటు మార్చి చూడండి; అక్కడ గీతలు లేకపోతే అదే అమరికతో మొత్తం డిస్కును మార్చుకోవచ్చు.